మందులతో బాగున్న కుక్కపిల్లకి లివర్ షంట్ ఆపరేషన్ ఎందుకు?

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎనిమిది నెలల యార్క్‌షైర్ టెరియర్, ఆడపిల్ల, బరువు 1.9 కిలోలు. తిన్న గంటా రెండు గంటలకి మత్తుగా తూలడం, గోడకి తల ఆనించి అలాగే నిలబడిపోవడం, ఒకసారి ఫిట్స్. సీటీ స్కాన్‌లో కాలేయం బయట ఒకే ఒక్క షంట్, అంటే రక్తం కాలేయాన్ని తప్పించుకుని పోయే పక్కదారి నాళం, ఉందని తేలింది. ఐదు వారాలుగా లాక్టులోజ్, యాంటీబయాటిక్, మార్చిన తిండి. ఇప్పుడు బంతి వెంట పరిగెడుతోంది. ఇంత బాగున్న పిల్లని ఆపరేషన్ బల్ల ఎక్కించడం అవసరమా, చేయించినా ఆ నాళాన్ని ఒక్కసారిగా కట్టేయకుండా రింగు ఎందుకు వేస్తామంటున్నారు, ఏదైనా తేడా వస్తే ఎలా ఉంటుంది అని మీరు అడిగారు.

జంతువుల శస్త్రచికిత్సే నా పని, చాలా ఏళ్లుగా షంట్ కేసులు చేస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: చేయించండి. బాగుంది కాబట్టే ఇప్పుడు చేయించండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. మందులతో కుక్క తేరుకోవడాన్ని జబ్బు తగ్గడం అనుకుంటారు. నిజానికి అది ఆపరేషన్‌కి దొరికిన మంచి సమయం.

ఎందుకో చెప్పాలంటే లోపల జరుగుతున్నది కొంచెం చూడాలి. పేగులు, కడుపు, క్లోమం, ప్లీహం నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే ఒక పెద్ద కాలువలో చేరి కాలేయానికి వెళ్తుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు 75 నుంచి 80 శాతం ఈ దారినే వస్తుంది. మీ చిన్నదానికి ఆ కాలువకి పుట్టుకతోనే గండి ఉంది, ఆ గండే షంట్. రక్తం కాలేయంలోకి పోకుండా ఆ గండిలోంచి నేరుగా గుండెకి వెళ్లే పెద్ద సిరలో పడిపోతోంది. పేగుల్లో తయారైన అమ్మోనియా, ఇంకా అలాంటి విషపదార్థాలు శుద్ధి కాకుండానే మెదడు దాకా వెళ్తున్నాయి. తిన్నాక తూలడం, తల ఆనించడం అందుకే.

అయితే విషాల సంగతి సగమే. కాలేయం పెరగడానికి కావాల్సినవి కూడా ఆ రక్తంలోనే వస్తాయి. క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్, గ్లూకగాన్ లాంటివి ముందు కాలేయానికి చేరాలి. అవి అందకపోతే ఆయకట్టు చివరి పొలంలా కాలేయం ఎండిపోయి చిన్నగా ఉండిపోతుంది. స్కాన్ రిపోర్టులో ‘కాలేయం పరిమాణం తక్కువ’ అని రాసి ఉంటుంది, చూడండి. రక్తపరీక్షలో యూరియా, ఆల్బుమిన్, కొలెస్టరాల్ తక్కువగా ఉండటం, ఎర్రకణాలు మామూలు కన్నా చిన్నగా ఉండటం కూడా అందులో భాగమే. అవన్నీ కాలేయం తన పని తాను చేయలేకపోతోందని చెప్పే గుర్తులు.

ఇప్పుడు మీరు వాడుతున్న మందులు ఏం చేస్తున్నాయో చూడండి. లాక్టులోజ్ పెద్దపేగులో ఆమ్లగుణం పెంచి అమ్మోనియాని రక్తంలోకి పోనివ్వకుండా అక్కడే పట్టి ఉంచి విరేచనంతో బయటకి పంపుతుంది. యాంటీబయాటిక్ అమ్మోనియా తయారుచేసే సూక్ష్మజీవుల్ని తగ్గిస్తుంది. మార్చిన తిండి వాటికి ముడిసరుకు తగ్గిస్తుంది. మూడూ పేగులో జరిగే పనులే. గండి ఎక్కడున్నది అక్కడే ఉంది, కాలేయానికి రక్తం పెరగలేదు. మందు ఒక పూట మానేసినా, తను ఎక్కడో మాంసం ముక్క దొరకబుచ్చుకున్నా, మలబద్ధకం వచ్చినా మళ్లీ గోడ దగ్గరికే వెళ్తుంది.

124 కుక్కల్ని ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. 97 కుక్కలకి ఆపరేషన్ చేశారు, 27 కుక్కల్ని మందులతోనే ఉంచారు. ఆపరేషన్ చేసినవి స్పష్టంగా ఎక్కువ కాలం బతికాయి, ఉన్నన్నాళ్లూ హాయిగా బతికాయి కూడా. జబ్బు బయటపడేనాటి వయసు ఆయుష్షుని మార్చలేదని కూడా అందులో తేలింది. కాబట్టి రెండేళ్లకో మూడేళ్లకో బయటపడిన కుక్కల యజమానులు ‘సమయం మించిపోయింది’ అని వదిలేయనక్కర్లేదు.

మందులే దారి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. వయసు మీరాక ఏదో పరీక్షలో యాదృచ్ఛికంగా షంట్ కనబడి, లక్షణాలు అంతగా లేనివి కొన్ని మందులతోనే సుఖంగా వెళ్లిపోతాయి. కాలేయం గట్టిపడి, పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, దాన్ని తట్టుకోడానికి శరీరమే తెరుచుకున్న చిన్న చిన్న షంట్లు చాలా ఉంటే వాటిని మూయకూడదు. మూస్తే ప్రాణమే పోతుంది. ఇంకొన్నిటికి కాలేయం లోపలి సన్నని నాళాలే సరిగ్గా ఏర్పడవు, పెద్ద గండి అంటూ ఏదీ ఉండదు. అక్కడ కోసి చేసేదేమీ లేదు. మీ స్కాన్‌లో ఒకే షంట్ స్పష్టంగా కనబడింది కాబట్టి మీరు ఈ కోవల్లోకి రారు. మాల్టీస్ కుక్కలున్న వాళ్లకి మాత్రం ఒక మాట. ఆ జాతిలో ఏ జబ్బూ లేకపోయినా రక్తపరీక్షలో బైల్ యాసిడ్స్ (కాలేయం పనితీరు చెప్పే పిత్తరసపు ఆమ్లాలు) ఎక్కువగా రావచ్చు. ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడి ఆపరేషన్‌కి పరుగెత్తకండి, స్కాన్ చేయించి నాళాన్ని కంటితో చూశాకే ముందుకి వెళ్లండి.

ఇక ఒక్కసారిగా ఎందుకు కట్టేయరు అన్నది. నన్నడిగితే ఈ ఆపరేషన్ మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది.

గండి పడి నెలలు గడిచిన కాలువని ఊహించుకోండి. నీళ్లు రాక కింది పిల్లకాలువలు పూడిపోయి ఉంటాయి. ఇప్పుడు గండిని ఒక్క దెబ్బన పూడ్చేస్తే పైనుంచి వచ్చే నీరంతా ఎటు పోవాలి? కింద పారే చోటు లేదు, పైన కట్ట తెగుతుంది. ఇక్కడా అంతే. మీ పిల్లకి కాలేయంలోని పోర్టల్ కొమ్మలు పుట్టినప్పటి నుంచీ సరిగ్గా రక్తం చూడలేదు, సన్నగా ఉండిపోయాయి. షంట్ ఒక్కసారిగా మూస్తే రక్తం పేగుల్లోకి ఎదురుతంతుంది. పోర్టల్ సిరలో మామూలుగా 8 నుంచి 13 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఉంటుంది. నాళాన్ని బిగించాక అది 17 నుంచి 24 దాటకుండా, మొదటున్న దాని మీద 9, 10 కన్నా ఎక్కువ పెరగకుండా చూసుకోవాలని పాత పద్ధతిలో లెక్క. దారంతో పూర్తిగా బిగించినా తట్టుకునేవి కొన్నే.

ఆ లెక్క కన్నా ముందు పేగు చెబుతుంది. నేను కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో ఒక చిన్న కుక్కకి సిల్కు దారంతో షంట్‌ని నెమ్మదిగా బిగిస్తూ వచ్చాం. లేత గులాబీ రంగులో ఉన్న పేగు ఒక నిమిషంలోపే ముదురుతూ వచ్చి నీలం తిరిగింది. సన్నగా కనబడే సిరలు ఉబ్బాయి. క్లోమం కూడా రంగు మారింది. పేగు తనంతట తనే వానపాములా మెలికలు తిరగడం మొదలెట్టింది. మా గురువుగారు ఒక్క మాట కూడా అనకుండా ముడి వదులు చేశారు. మళ్లీ గులాబీ రంగు వచ్చేదాకా అందరం ఊపిరి బిగబట్టి చూశాం. దారాన్ని సగం మాత్రమే బిగించి, కొన్ని నెలల తర్వాత రెండో ఆపరేషన్‌లో మిగతాది మూశారు.

రెండుసార్లు కోయక్కర్లేకుండా, దానంతట అదే మెల్లగా మూసుకునే ఏర్పాటు కోసం వచ్చినవే రింగూ పట్టీ. రింగు పేరు అమెరాయిడ్ కన్‌స్ట్రిక్టర్. షంట్‌కి దీన్ని వాడిన ఫలితాలు 1996లో వెలువడ్డాయి. బయట స్టీలు, లోపల గట్టిగా అదిమిన కేసీన్, అంటే పాలలో ఉండే ప్రోటీనే. రింగుకి ఒక పక్క చీలిక ఉంటుంది. అందులోంచి నాళాన్ని లోపలికి జార్చి, కంటికి ఆననంత చిన్న తాళంచెవి లాంటి ముక్కతో ఆ చీలికని మూసేస్తాం. శరీరంలోని తేమని పీల్చుకుని కేసీన్ ఉబ్బుతుంది. బయట స్టీలు ఉంది కాబట్టి అది లోపలికే ఉబ్బాలి. దానికి తోడు నాళం చుట్టూ మచ్చకణజాలం పెరుగుతుంది. రెండు నుంచి ఐదు వారాల్లో దారి మూసుకుపోతుంది. ఆలోపు కాలేయంలోని పిల్లకాలువలు రోజుకి కొంచెం చొప్పున తెరుచుకుంటాయి.

సెలోఫేన్ పట్టీ పని తీరు వేరు. పలచని ఆ పొరని మడిచి సన్నని పట్టీలా చేసి నాళం చుట్టూ తిప్పి క్లిప్పులు పెడతాం. శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి చుట్టూ మచ్చకణజాలం అల్లుతుంది, అదే వారాల మీద నాళాన్ని నొక్కేస్తుంది. ఎంత వేగంగా మూసుకుంటుందన్నది ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది, కొన్నిట్లో పూర్తిగా మూసుకోదు. పైగా చూడ్డానికి అచ్చం సెలోఫేన్‌లా ఉండే ఇతర ప్లాస్టిక్ పొరలున్నాయి. అవి శరీరంలో ఒకేలా పనిచేయవు. అందుకే పట్టీ వేసే సర్జన్ తన దగ్గరున్నది అసలు సెలోఫేనే అని రూఢి చేసుకుని ఉండాలి. రెండిట్లో ఏది గొప్పదని వాదించను. సర్జన్‌కి ఏది చేతికి అలవాటో అదే మీ పిల్లకి మంచిది.

పొట్ట తెరిచాక ఏం చేస్తామో కూడా చెబుతాను, మీకు కాస్త భయం తగ్గుతుంది. చిన్నపేగు మొదటి భాగాన్ని మెల్లగా ఎత్తి ఎడమ పక్కకి తిప్పితే మిగతా పేగులన్నీ దాని వెనక తెరలా ఒదిగిపోతాయి. అప్పుడు పెద్ద సిర, అంటే వీనా కేవా, నీలం రంగు పట్టీలా కనబడుతుంది. కుడి మూత్రపిండం సిర కలిసే చోటు దాటాక కాలేయం చేరేదాకా అక్కడ చెప్పుకోదగ్గ సిర ఏదీ వచ్చి కలవకూడదు. షంట్ ఉన్న కుక్కలో అక్కడే ఒక లావాటి, వంకర తిరిగిన సిర వచ్చి పడుతూ ఉంటుంది. అది కలిసే చోట రక్తం సుడి తిరగడం పలచని గోడలోంచి కంటికే తెలుస్తుంది. రెండు కిలోల కుక్కలో ఆ నాళం కొన్నిసార్లు పోర్టల్ సిర అంత లావు ఉంటుంది. రింగుని సరిగ్గా అది పెద్ద సిరలో కలిసే అంచునే వేయాలి. ఇంకొంచెం వెనక్కి వేస్తే, మధ్యలో కలిసే చిన్న కొమ్మల రక్తం పక్క దారిన పోతూనే ఉంటుంది. నాళం చుట్టూ అవసరమైనంత మేరకే కణజాలం విడదీయాలి, లేకపోతే రింగు బరువుకి నాళం మడతపడి ఆ రోజే మూసుకుపోవచ్చు. అప్పుడు ఇందాక చెప్పిన పేగు కథే మళ్లీ.

కాలేయం లోపలే షంట్ ఉండేవి వేరు. అవి ఎక్కువగా పెద్ద జాతుల్లో వస్తాయి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ లాంటివి. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఉండి, పుట్టిన కొద్ది రోజులకే మూసుకోవాల్సిన నాళం తెరిచే ఉండిపోవడం అందులో ఒక రకం. వాటికి పొట్ట కోయకుండా మెడ సిరలోంచి గొట్టం పంపి, పెద్ద సిరలో స్టెంట్ పెట్టి, దాని జల్లెడలోంచి షంట్‌లో సన్నని తీగచుట్టలు నింపే పద్ధతి ఉంది. ఆ కుక్కలకి కడుపులో పుండ్లు, రక్తస్రావం ఎక్కువ, ఆమ్లం తగ్గించే మందు చాలాకాలం వాడాల్సి ఉంటుంది. మీది బయటి షంట్, కాబట్టి అక్కడితో ఆపుతాను.

ఇప్పుడు మీరు భయపడుతున్న విషయం. దాచకుండా చెప్పాలి.

బయటి షంట్‌కి ఆపరేషన్ చేసిన కుక్కల్లో ఎక్కువ భాగం బాగుపడతాయి. కొన్ని మాత్రం ఆపరేషన్ నాడో ఆ వారంలోనో పోతాయి. మొదటి కొన్ని గంటల్లో చక్కెర పడిపోవడం, ఒంట్లో వేడి తగ్గడం, రక్తస్రావం చూసుకోవాలి. ఇంత చిన్న ఒంట్లో, ఇంత చిన్న కాలేయంలో చక్కెర నిల్వ ఉండదు. తర్వాత పోర్టల్ ఒత్తిడి. పొట్ట ఉబ్బి ముట్టుకుంటే నొప్పి పడటం, రక్త విరేచనాలు, చిగుళ్లు పాలిపోవడం, నీరసంగా చల్లబడిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా మళ్లీ లోపల చూడాల్సి రావచ్చు. కొంచెం నీరు చేరి పొట్ట మెత్తగా పెద్దదవడం, కుక్క మాత్రం తింటూ తిరుగుతూ ఉండటం అయితే అంత కంగారు లేదు, చాలావరకు దానంతట అదే తగ్గుతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఫిట్స్. ఆపరేషన్ తర్వాత సాధారణంగా మొదటి మూడు నాలుగు రోజుల్లో వస్తాయి. విచిత్రం ఏమిటంటే అప్పుడు చూస్తే అమ్మోనియా మామూలుగానే ఉంటుంది, చక్కెర కూడా బాగానే ఉంటుంది. ఒక ఐదేళ్ల కుక్క నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆపరేషన్ సాఫీగా జరిగింది, రెండో రోజు లేచి తిన్నది, తోక ఊపింది. మూడో రాత్రి పెదవి ఒక పక్క అదరడం మొదలైంది. తెల్లారేసరికి ఆగని ఫిట్స్. మత్తులో పెట్టి రెండు రోజులు ప్రయత్నించాం, దక్కలేదు. ఆ యజమానికి ఈ ప్రమాదం గురించి ఆపరేషన్‌కి ముందే చెప్పాను, అయినా ఆ ఫోన్ చేయడం నా వల్ల కాలేదనిపించింది. అప్పటి నుంచి మొదటి నాలుగు రాత్రులూ ఎవరో ఒకరు మేలుకుని పక్కన ఉండకుండా నేను షంట్ కేసు ఒప్పుకోను.

వయసు పెరిగిన కుక్కల్లో ఈ ఫిట్స్ ప్రమాదం ఎక్కువ. మీది ఎనిమిది నెలలే, ఆ విషయంలో వయసు మీ పక్షాన ఉంది. లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు ముందుగా వేస్తే ఫిట్స్ రావని మొదట ఒక అధ్యయనం చెప్పింది, తర్వాత వచ్చిన పెద్ద పరిశీలనలో ఆ తేడా కనబడలేదు. అయినా ఒకసారి ఫిట్స్ వచ్చిన పిల్ల కాబట్టి నేనైతే ఆపరేషన్‌కి ముందు నుంచే వేస్తాను. మీ డాక్టరుగారిని అడగండి. ఆయన వేస్తే ఒక్క డోసు కూడా తప్పించకండి, ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, ఎనిమిది గంటలకోసారి పడాల్సిందే. మీరు వాడే యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్ అయితే డోసు తక్కువే ఉందో లేదో సరిచూసుకోండి. దాన్ని విడగొట్టేది కాలేయమే, ఎక్కువైతే ఆ మందే తూలేలా చేస్తుంది, షంట్ ముదిరిందని మీరు పొరబడతారు.

ఆపరేషన్‌కి ముందు కనీసం రెండు మూడు వారాలు మందులతో నిలకడగా ఉండాలంటాం. మీకు ఐదు వారాలు అయింది, కాబట్టి ఇదే సరైన సమయం. ముందు రోజు ఎంతసేపు పస్తుంచాలో ఆసుపత్రినే అడగండి. రెండు కిలోల షంట్ పిల్లని పెద్ద కుక్కలా రాత్రంతా పస్తుంచకూడదు, చక్కెర పడిపోతుంది. మత్తు ఇచ్చే డాక్టరుకి ఇది షంట్ కేసు అని ముందే తెలియాలి, ఎందుకంటే కాలేయం విడగొట్టాల్సిన మందులు ఈ పిల్లల ఒంట్లో గంటల తరబడి ఉండిపోతాయి. చిన్నప్పుడు ఏ చిన్న పనికో మత్తిచ్చి, రోజంతా లేవకపోతే అప్పుడు షంట్ బయటపడిన కుక్కల్ని చూశాను.

ఇంటికి తెచ్చుకున్నాక మందులు అదే రోజు ఆపకండి. చాలామంది చేసే తప్పు ఇదే. రింగు ఇంకా మూసుకోలేదు, రక్తం పాత దారినే పోతోంది. తిండీ లాక్టులోజూ అలాగే కొనసాగించి, నెలా రెండు నెలల మీద డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. రెండు మూడు నెలలకి మళ్లీ రక్తపరీక్ష చేయిస్తారు. యూరియా, ఆల్బుమిన్ పెరగడం, ఎర్రకణాల పరిమాణం మామూలుకి రావడం మంచి గుర్తులు. బైల్ యాసిడ్స్ మాత్రం కొంచెం ఎక్కువగానే మిగిలిపోవచ్చు. పిల్ల చలాకీగా ఉండి, మిగతావన్నీ సరిపోతే ఆ అంకె పట్టుకుని దిగులు పడకండి. అంకె చాలా ఎక్కువగా ఉండి లక్షణాలు కూడా తిరిగొస్తే అప్పుడు మళ్లీ స్కాన్ చేసి, రింగు పూర్తిగా మూసుకుందా, లేక ఒత్తిడికి కొత్త గండ్లు పడ్డాయా అని చూస్తారు.

సర్జన్‌ని కలిసినప్పుడు మొహమాటపడకుండా మూడు విషయాలు అడగండి. షంట్ ఆపరేషన్లు ఎన్ని చేశారు, ఏ పద్ధతి అలవాటు, రాత్రిళ్లు పక్కన ఎవరుంటారు. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు.

ఇంకో రెండు పనులు అదే మత్తులో అయిపోతాయి. ఈ జబ్బు యార్క్‌షైర్ టెరియర్లలో వంశపారంపర్యంగా వస్తుంది, అందుకే తనకి పిల్లలు పుట్టకూడదు. గర్భసంచి ఆపరేషన్ అప్పుడే చేయించేయండి. తల్లిదండ్రుల్ని పెంచుతున్న వాళ్లకి కూడా కబురు చెప్పండి, ఆ జంటని మళ్లీ కలపకుండా ఉంటారు. రెండోది మూత్రాశయం. షంట్ ఉన్న కుక్కల మూత్రంలో యూరేట్ రాళ్లు ఏర్పడతాయి, అవి మామూలు ఎక్స్‌రేలో తరచూ కనబడవు. అల్ట్రాసౌండ్‌లో మూత్రాశయం కూడా చూడమని ముందే చెప్పండి. రాయి ఉంటే పొట్ట తెరిచినప్పుడే తీసేస్తారు. ఈ ఐదు వారాల్లో మూత్రం ఎర్రగా రావడం గానీ, చుక్క చుక్కగా ముక్కుతూ పోయడం గానీ మీరు గమనించారా? గమనించి ఉంటే ఆపరేషన్ తేదీ దాకా ఆగకుండా రేపే డాక్టరుగారికి చెప్పండి.